"అన్నా, ఫారం పోతలేదు": తీగ ఎక్కడ తెగిందో పట్టుకోవడం ఎలా?

వరంగల్, హన్మకొండల్లో వెబ్‌సైట్లు చేసిపెట్టేవాళ్లకు కూడా సీజన్లుంటాయి. ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి వచ్చే రోజుల్లో కోల్డ్ స్టోరేజీల వాళ్లు, కమీషన్ దుకాణాల వాళ్లు ఫోన్ చేస్తారు. ఎండాకాలం చివర నయీంనగర్ వైపు కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు. మేడారం జాతర ఏడాదైతే ములుగు దారిలో రూములు అద్దెకిచ్చేవాళ్లు. ఎవరు చేసినా మొదటి మాట సైటులోని ఎంక్వైరీ ఫారం గురించే, అదీ దాదాపు ఒకటే: "అన్నా, ఫారం పోతలేదు."

ఈ ఒక్క మాట వెనక కనీసం అరడజను వేర్వేరు జబ్బులు ఉండొచ్చు. ఫైలు అసలు సర్వర్‌లోకి, అంటే సైటును నడిపే కంప్యూటర్‌లోకి, ఎక్కలేదేమో. ఎక్కినా తప్పు ఫోల్డర్‌లో కూర్చుందేమో. హోస్టింగ్ వాళ్లు, అంటే సర్వర్‌లో చోటు అద్దెకిచ్చేవాళ్లు, పీహెచ్‌పీ వర్షన్ మార్చారేమో; ఫారం వెనక పనిచేసే స్క్రిప్టు (చిన్న ప్రోగ్రాం) రాసేది ఆ భాషలోనే. స్క్రిప్టు శుభ్రంగా నడిచి, మెయిల్ వెళ్లి స్పామ్‌లో పడిందేమో. దుకాణం ఓనర్‌కు ఇవన్నీ ఒక్కలాగే కనిపిస్తాయి: బటన్ నొక్కాడు, ఏమీ రాలేదు. కాబట్టి టెక్నికల్ విషయాలు తెలియని క్లయింటుకు సాయం చేయడమంటే అతనికి కోడ్ నేర్పడం కాదని నా అభిప్రాయం. ఫారం నింపినవాళ్ల ఫోన్ నుంచి ఓనర్ ఇన్‌బాక్స్ దాకా ఉన్న దారిని ముక్కలుగా విడదీసి, ఏ ముక్క దగ్గర తెగిందో అతని కళ్లతోనే మనం చూడాలి. మిగతాదంతా ఆ తర్వాతి పని.

ముందుగా ఎవరిది ఏది అన్నది తేల్చుకోవాలి. క్లయింటుకు వెబ్‌సైట్ ఒకే వస్తువు. అసలు లెక్కలో అది నాలుగు. పేరు, అంటే డొమైన్, ఒకచోట కొన్నది. ఫైళ్లుండే హోస్టింగ్ ఇంకోచోటిది కావచ్చు. స్క్రిప్టు మనం రాసిందో, ముందు చేసినతను వదిలేసి పోయిందో. మెయిల్ మరో కంపెనీది. నాలుగింటికీ వేరే లాగిన్లు, వేరే రెన్యువల్ తేదీలు. హోస్టింగ్ సపోర్టుకు ఫోన్ చేస్తే "స్క్రిప్టు మా పరిధి కాదు" అంటారు, అది నిజమే. స్క్రిప్టు రాసినతను "సర్వర్ ప్రాబ్లం" అంటాడు, ఒక్కోసారి అదీ నిజమే. మధ్యలో నలిగేది దుకాణం ఓనరే. అందుకే కొత్త క్లయింట్ దగ్గర ముందు ఒక కాగితం మీద ఈ నాలుగూ ఎవరి పేరు మీద, ఏ మెయిల్ ఐడీతో, ఏ తేదీ దాకా ఉన్నాయో ఆయన చేతనే రాయించాలి. పాస్‌వర్డులు మాత్రం ఆ కాగితం మీద వద్దు. సగం టెన్షన్ అక్కడే తగ్గుతుంది.

సర్వర్‌లో నడిచే స్క్రిప్టు అంటే ఏమిటని అడిగేవాళ్లకు మీసేవ కౌంటర్ గుర్తుచేస్తే సరిపోతుంది. అప్లికేషన్ నింపేది మనం, లోపల పని నడిపేది వాళ్లు, మన చేతికొచ్చేది రశీదు. బ్రౌజర్‌లో కనిపించే ఫారం ఆ కాగితం, స్క్రిప్టు కౌంటర్ అవతల ఉంటుంది. అందుకే పీహెచ్‌పీ ఫైలును లాప్‌టాప్‌లో డబుల్ క్లిక్ చేస్తే ఫారం పనిచేయదు, కోడ్ కనిపిస్తుంది లేదా ఏమీ కనిపించదు. దాన్ని నడిపే సర్వర్ అక్కడ లేదు మరి. బయటివాళ్లకు స్క్రిప్టు ఫలితమే కనిపిస్తుంది, లోపలి రాత కనిపించదు. డేటాబేస్ పాస్‌వర్డు లాంటివి అందులో రాసుకునే ధైర్యం ఇక్కణ్నుంచే వచ్చింది. ఆ ధైర్యానికి ఒక హద్దుంది, దాని సంగతి కాసేపట్లో.

"పైన ఉన్న నాలుగు లైన్లు మార్చి, అప్‌లోడ్ చేసి, పర్మిషన్ ఇవ్వండి" అనే పద్ధతి కొత్తది కాదు. రాస్మస్ లెర్డార్ఫ్ తన సొంత పేజీ కోసం 1994లో రాసుకున్న పనిముట్లను 1995లో బయటికి విడుదల చేశాడు, పీహెచ్‌పీ అలా మొదలైంది. అదే 1995లో మ్యాట్ రైట్ అనే అతను ఫారంలో నింపింది మెయిల్‌గా పంపే ఫామ్‌మెయిల్ అనే స్క్రిప్టును, పెర్ల్ అనే భాషలో రాసి, ఉచితంగా పెట్టాడు. ప్రోగ్రామింగ్ రానివాళ్లు కూడా పైన ఒకటి రెండు లైన్లు దిద్ది ఎక్కించుకోగలిగారు కాబట్టి అది లోకమంతా పాకింది. మెయిల్ ఎవరికి పోవాలన్న అడ్రసు మాత్రం పేజీలోనే, కనిపించని గడిలో ఉండేది. స్పామ్ పంపేవాళ్లు ఆ గడిలో తమకు కావలసిన అడ్రసులు పెట్టి, ఊరూరి సర్వర్లను వాడుకున్నారు. ఓనర్ మెయిల్ అడ్రసు పేజీలో కాకుండా స్క్రిప్టు లోపలే ఉండాలనడానికి కారణం ఇది. ఇప్పటికీ ఆ పొరపాటుతో తయారైన టెంప్లేట్లు దొరుకుతూనే ఉన్నాయి.

ఇక అప్‌లోడ్ సంగతి. పరకాలలో విత్తనాల దుకాణం నడిపే ఒక పెద్దమనిషితో ఫోన్లో జరిగిన మాటలివి. ఆయన కొడుకు హైదరాబాద్‌లో ఉంటాడు, సర్వర్‌లోని ఫైళ్లు చూపించే ఫైల్ మేనేజర్ తెరిచిపెట్టి పోయాడు. సైటు ఫైళ్లు ఉండాల్సింది అందులోని పబ్లిక్ హెచ్‌టీఎంఎల్ అనే ఫోల్డర్‌లో.

"సార్, పబ్లిక్ హెచ్‌టీఎంఎల్ అని ఫోల్డర్ కనపడుతున్నదా?"

"ఉన్నది తమ్మీ."

"దాని మీద రెండుసార్లు నొక్కండి. లోపల ఏమేం ఉన్నయో పైనుంచి కిందికి చదవండి. మీకు అర్థం కాకపోయినా సరే, ఉన్నది ఉన్నట్టు చదవండి."

"ఇమేజెస్... ఇండెక్స్ డాట్ హెచ్‌టీఎంఎల్... కాంటాక్ట్ డాట్ పీహెచ్‌పీ డాట్ టీఎక్స్‌టీ..."

దొరికింది. విండోస్ మామూలుగా ఫైలు పేరు చివరి తోకను దాచిపెడుతుంది. నోట్‌ప్యాడ్‌లో 'కాంటాక్ట్.పీహెచ్‌పీ' అని సేవ్ చేస్తే, వెనక 'టీఎక్స్‌టీ' అంటుకున్నా లాప్‌టాప్‌లో కనపడదు. సర్వర్‌లో కనపడుతుంది. ఇందాక హద్దు అన్నది ఇదే: చాలా సర్వర్లు అలాంటి ఫైలును స్క్రిప్టుగా గుర్తించవు, మామూలు టెక్స్ట్ అనుకుని అడిగినవాళ్లందరికీ చూపించేస్తాయి, అందులోని పాస్‌వర్డుతో సహా. పేరు సరిచేస్తే పని అయిపోదు, ఆ పాస్‌వర్డు కూడా మార్చాలి.

ఆ సంభాషణలో పనిచేసింది "చదవండి" అన్న మాట. "ఫైలు సరిగ్గా ఉందా?" అని అడిగితే ఆయన "ఉన్నది" అనే అంటాడు, ఆయన దృష్టిలో ఉన్నది కూడా. క్లయింటును తీర్పు అడగొద్దు, కనిపించేది అడగాలి. స్క్రీన్‌షాట్ అడిగినా బ్రౌజర్ పైన అడ్రసు కనిపించేలా పూర్తిది అడగాలి, ఎర్రర్ ముక్క ఒక్కటే కత్తిరించి పంపితే అది ఏ పేజీదో తెలియదు.

ఇదే కోవలో మరికొన్ని ఉన్నాయి. విండోస్ బదులు లైనక్స్ మీద నడిచే సర్వర్‌లో ఫైలు పేరుకు ఇంగ్లిష్ పెద్ద అక్షరం వేరు, చిన్న అక్షరం వేరు. లాప్‌టాప్‌లో దొరికిన ఫైలు సర్వర్‌లో దొరకకపోవడానికి ఇదొక కారణం. వాట్సాప్‌లో వచ్చిన ఫైలును రెండోసారి డౌన్‌లోడ్ చేస్తే పేరు చివర బ్రాకెట్లో ఒకటి అంకె చేరుతుంది, అదే పేరుతో ఎక్కించేస్తారు. కోడును వర్డ్‌లో పెట్టి దిద్దితే కొటేషన్ గుర్తులు వంకర తిరుగుతాయి, పీహెచ్‌పీ వాటిని ఒప్పుకోదు. ఫైలు సరిదిద్దాలంటే హోస్టింగ్ ప్యానెల్‌లోని (హోస్టింగ్ వాళ్లు ఇచ్చే సెట్టింగుల పేజీలోని) ఎడిటరే మేలు.

తెల్ల పేజీ మీద 500 అని, అంటే సర్వర్ లోపల ఏదో తప్పిందని, వచ్చిందంటే క్లయింట్లు హడలిపోతారు, నాకైతే అది మంచి వార్తే. ఫైలు ఎక్కింది, సర్వర్ దాన్ని నడపబోయింది, మధ్యలో తన్నుకుంది. ఎందుకో ఎర్రర్ లాగ్‌లో, అంటే సర్వర్ తప్పులను రాసుకునే చిట్టాలో, రాసి ఉంటుంది. చాలా ప్యానెళ్లలో 'ఎర్రర్స్' అన్న బొమ్మ కిందో, స్క్రిప్టు ఉన్న ఫోల్డర్‌లోనే 'ఎర్రర్ లాగ్' అన్న ఫైలుగానో అది దొరుకుతుంది. చివరి లైను కాపీ చేసి పంపమంటే చాలు. ఎర్రర్లను పేజీ మీదే చూపించే సెట్టింగ్ ఒకటుంది. దాన్ని ఆన్ చేసి వదిలేయొద్దు, ఫోల్డర్ల దారులు, కొన్నిసార్లు ఇంకా ముఖ్యమైనవి దారిన పోయేవాళ్లకు కనిపిస్తాయి.

పర్మిషన్ల గురించి, అంటే ఫైలును ఎవరు ఏం చేయొచ్చో చెప్పే అంకెల గురించి, ఒక దురాచారం ఇంకా బతికే ఉంది: ఏది పనిచేయకపోయినా 777 ఇచ్చేయడం. అంటే సర్వర్ మీద ఎవరైనా ఆ ఫైలును చదవొచ్చు, మార్చొచ్చు, నడపొచ్చు. ఒకే సర్వర్‌ను వందల మంది పంచుకునే షేర్డ్ హోస్టింగ్‌లో ఇది ఇంటి తలుపు తీసిపెట్టడమే. పైగా చాలా హోస్టింగులు అలా తెరిచిపెట్టిన స్క్రిప్టును కావాలనే నడపవు, 500 చూపిస్తాయి. మందు అనుకుని వేసిందే జబ్బవుతుంది. మామూలు ఫైళ్లకు 644, ఫోల్డర్లకు 755, ఇంతే.

పాత సైట్లు ఒక రోజు పొద్దున్నే పడిపోతాయి. "ఎవ్వరూ ముట్టలేదు సార్, నిన్నటిదాకా మంచిగనే ఉండె" అంటారు. అబద్ధం కాదు. పీహెచ్‌పీ 7.4కు సెక్యూరిటీ మద్దతు 2022 నవంబర్‌లో ముగిసింది, 8.0కు 2023 నవంబర్‌లో. హోస్టింగ్ వాళ్లు ఎప్పుడో ఒకప్పుడు కొత్త వర్షన్‌కు మార్చక తప్పదు. 2015 చివర్లో వచ్చిన 7.0లోనే మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌తో మాట్లాడే పాత ఫంక్షన్లను పూర్తిగా తీసేశారు. 8.0 వచ్చాక ఇంకో చిన్న విషయం బయటపడింది. ఫారం నుంచి వచ్చిన గడి పేరును కొటేషన్ లేకుండా రాసే బద్ధకపు అలవాటును పాత వర్షన్లు గొణుగుతూ భరించేవి, 8.0 అక్కడే ఆగిపోతుంది. ప్యానెల్‌లో పాత వర్షన్ ఎంచుకునే వీలుంటే తాత్కాలికంగా అలా నడిపించి, ఆ వారంలోనే కోడ్ సరిచేయాలి. తాత్కాలికం అన్నది తేదీతో సహా క్లయింటుకు రాసి ఇవ్వాలి, లేకపోతే అదే శాశ్వతం అవుతుంది.

అసలు చిక్కుముడి మెయిల్ దగ్గర. ఫారం నింపాక "ధన్యవాదాలు, మీ మెసేజ్ అందింది" అని వస్తుంది. అందరూ నమ్ముతారు. పీహెచ్‌పీలోని మెయిల్ ఫంక్షన్ 'సరే' అందంటే, ఆ సర్వర్‌లోని మెయిల్ ప్రోగ్రాం ఉత్తరాన్ని చేతిలోకి తీసుకుందని మాత్రమే. చేరిందని కాదు.

చేరకపోవడానికి ఎక్కువసార్లు కనిపించే కారణం పంపినవారి గడి. ఓనర్లకు ఒక ముచ్చట ఉంటుంది: విద్యార్థి ఫారం నింపితే మెయిల్ ఆ విద్యార్థి జీమెయిల్ నుంచే వచ్చినట్టు కనిపించాలి, రిప్లై కొడితే అతనికే పోవాలి. అందుకని స్క్రిప్టు 'ఫ్రం' దగ్గర విద్యార్థి అడ్రసు పెట్టేస్తుంది. కానీ ఉత్తరం బయల్దేరింది జీమెయిల్ సర్వర్ నుంచి కాదు, మన హోస్టింగ్ నుంచి. అందుకునే సర్వర్ దృష్టిలో ఇది ఇంకొకరి పేరుతో వచ్చిన దొంగ ఉత్తరం. యాహూ తన పేరుతో బయటి సర్వర్ల నుంచి వచ్చే మెయిళ్లను తిప్పికొట్టమని 2014 ఏప్రిల్‌లోనే ప్రకటించింది. గూగుల్ 2024 ఫిబ్రవరి నుంచి పంపేవాళ్లందరికీ నిబంధనలు బిగించింది. పదేళ్ల కిందట ఇదే స్క్రిప్టు పనిచేసిందన్న వాదన అందుకే నిలవదు.

మందు సులువే. 'ఫ్రం' దగ్గర సొంత డొమైన్ అడ్రసు, 'రిప్లై టు' దగ్గర విద్యార్థి అడ్రసు. ఓనర్ కోరుకున్నదీ జరుగుతుంది, రిప్లై విద్యార్థికే పోతుంది. దాంతోపాటు డొమైన్ సెట్టింగుల్లో ఎస్‌పీఎఫ్ రికార్డు ఉండాలి, మా డొమైన్ పేరుతో మెయిల్ పంపే హక్కు ఫలానా సర్వర్లకే ఉందని చెప్పే లైను అది. ఇది డొమైన్‌కు ఒకటే ఉండాలి. హోస్టింగ్ వాళ్లు చెప్పారని ఒకటి, మెయిల్ కంపెనీ చెప్పిందని ఇంకొకటి పెడితే రెండూ చెల్లవు, రెంటినీ ఒకే లైనులో కలపాలి. ఉత్తరం మన డొమైన్‌దేనని రుజువు చేసే సంతకం లాంటి డీకేఐఎంను చాలా ప్యానెళ్లు ఒక బటన్‌తో ఆన్ చేస్తాయి.

ఇంకోటుంది, ఇది చాలామందిని రోజుల తరబడి తిప్పలు పెడుతుంది. హన్మకొండలో ఒక కాలేజీ అనుకుందాం. వెబ్‌సైట్ షేర్డ్ హోస్టింగ్‌లో ఉంది, మెయిల్ మాత్రం గూగుల్ దగ్గర. బయటివాళ్లు ఎవరు మెయిల్ పంపినా అందుతుంది. సొంత వెబ్‌సైట్ ఫారం నుంచి పంపితే మాత్రం రాదు, స్పామ్‌లోనూ లేదు. ఎక్కడికి పోయింది? హోస్టింగ్ సర్వర్ ఈ డొమైన్ మెయిల్ కూడా తన దగ్గరే ఉందనుకుని, బయటికి పంపకుండా లోపలి పెట్టెలోనే వేసేసింది. ఆ పెట్టెను ఎవరూ తెరవరు. ఆ పేరుతో లోపల పెట్టె లేకపోతే సర్వర్ ఉత్తరాన్ని అక్కడే తిప్పికొడుతుంది, ఆ సమాచారమూ ఓనర్‌కు చేరదు. సీప్యానెల్ అనే హోస్టింగ్ ప్యానెల్‌లో 'ఈమెయిల్ రౌటింగ్' అన్నచోట 'లోకల్' తీసి 'రిమోట్' పెడితే అయిపోతుంది. ఇది తెలియక స్క్రిప్టును మూడుసార్లు తిరగరాయించుకున్న ఆఫీసులున్నాయి.

జీమెయిల్ ద్వారానే పంపాలనుకుంటే, మామూలు పాస్‌వర్డు స్క్రిప్టులో పెట్టే పద్ధతిని గూగుల్ 2022 మే చివర్లో ఆపేసింది. టూ స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేసి, విడిగా యాప్ పాస్‌వర్డు తీసుకోవాలి. అది ఓనర్ తన ఫోన్‌తో తనే చేయాల్సిన పని, ఓటీపీ మనకు చదివి చెప్పే అలవాటు ఆయనకు చేయొద్దు.

అడ్మిషన్ ఫారాల్లో ఒక విచిత్రం చూడండి. పిల్లవాడు అన్నీ నింపాడు, ఫోటో, మెమో, కుల ధ్రువీకరణ పత్రం ఫోన్లో ఫోటోలు తీసి పెట్టాడు. బటన్ నొక్కితే "మీ పేరు రాయండి" అంటుంది. రాశాడు కదా! పీహెచ్‌పీలో మామూలుగా ఒక్కో ఫైలుకు 2 ఎంబీ, మొత్తం ఫారానికి 8 ఎంబీ హద్దు. మొత్తం హద్దు దాటితే సర్వర్ ఫారం అంతటినీ ఖాళీ చేసి స్క్రిప్టుకు ఇస్తుంది, పేరుతో సహా. స్క్రిప్టు పాపం నిజమే చెబుతోంది. హద్దులు పెంచే లైన్లను 'హెచ్‌టీ యాక్సెస్' అనే సర్వర్ సెట్టింగుల ఫైలులో రాయమని పాత సలహాలు ఉంటాయి, ఇప్పటి చాలా హోస్టింగుల్లో అలా రాస్తే సైటంతా 500 అవుతుంది. 'డాట్ యూజర్ డాట్ ఐఎన్ఐ' అనే పీహెచ్‌పీ సెట్టింగుల ఫైలులోనో ప్యానెల్‌లోనో మార్చాలి. ఫైలులో మార్చిన వెంటనే మార్పు కనిపించదు, సర్వర్ దాన్ని మామూలుగా 5 నిమిషాలకోసారి చదువుతుంది. ఈ 5 నిమిషాలు క్లయింటుకు ముందే చెప్పకపోతే, ఆయన ఈలోపు ఇంకో పది చోట్ల చేతులు పెడతాడు.

తెలుగులో నింపిన పేర్లు ప్రశ్న గుర్తులుగా మారితే తప్పు ఫాంట్‌ది కాదు. డేటాబేస్ పట్టిక పాత లాటిన్ సెట్టింగ్‌లో ఉండి ఉంటుంది, దాన్ని అన్ని భాషల అక్షరాలనూ పట్టే 'యూటీఎఫ్8ఎంబీ4'కు మార్చాలి, స్క్రిప్టు డేటాబేస్‌కు కలిసేటప్పుడు కూడా అదే చెప్పాలి. ఒకసారి ప్రశ్న గుర్తులుగా పడినవి మళ్లీ తెలుగు కావు, అసలు పేరు పోయినట్టే. టైం కూడా అంతే. సర్వర్లు ఎక్కువగా అంతర్జాతీయ సమయంలో ఉంటాయి, మనకంటే ఐదున్నర గంటలు వెనక. తెల్లవారుజామున 4 గంటలకు వచ్చిన అప్లికేషన్ మీద నిన్న రాత్రి 10:30 అని పడుతుంది. చివరి తేదీ ఉన్న అడ్మిషన్లలో ఇది గొడవలకు దారితీస్తుంది. మార్కెట్ వాళ్ల సైటు నుంచి తనంతట తానే ఉదయం 6కు పోయేలా పెట్టిన ధరల మెసేజ్ 11:30కు పోతుంది, అప్పటికి వేలం అయిపోతుంది.

ఇవన్నీ క్లయింటుకు చెప్పాలా అంటే అక్కర్లేదు. ఆయన ముట్టుకోవాల్సినవన్నీ ఒకే చిన్న కాన్ఫిగ్ (సెట్టింగుల) ఫైలులో పెట్టి, మిగతా కోడు జోలికి పోకుండా చేయాలి. అందులో నాలుగైదు లైన్లే: మెయిల్ ఎవరికి రావాలి, సంస్థ పేరు, ఫోన్ నంబరు, డేటాబేస్ వివరాలు. ప్రతి లైను పైన తెలుగులోనే ఒక వాక్యం, "కొటేషన్ల మధ్య ఉన్నదే మార్చండి, చివరి సెమీకోలన్ తీయొద్దు" అని. డేటాబేస్ పేరు ముందు ప్యానెల్ తనంతట తనే తగిలించే అకౌంట్ పేరు ఉంటుంది, దాన్ని వదిలేసి రాయడం ఎప్పుడూ జరిగేదే కాబట్టి ఉదాహరణలో పూర్తి పేరే చూపించాలి. ఫైలు సేవ్ చేసేటప్పుడు దాని మొదట్లో కంటికి కనిపించని గుర్తు ఒకటి చేరిపోతే 'హెడర్లు ముందే వెళ్లాయి' అన్న ఎర్రర్ వస్తుంది. పాత విండోస్‌లోని నోట్‌ప్యాడ్ ఇలా చేసేది, 2019లో వచ్చిన మార్పు తర్వాత తగ్గింది. పట్టణాల్లో పాత కంప్యూటర్లు ఇంకా నడుస్తున్నాయి కాబట్టి దీన్ని మరచిపోలేం.

ఎవరి లాగిన్ ఎవరి చేతిలో ఉండాలన్నదానిపై కొంచెం పట్టుదలగా ఉండాలి. కొత్తవాడ దర్రీల షాపు అయినా, పెద్ద ఇంజినీరింగ్ కాలేజీ అయినా డొమైన్ ఓనర్ పేరు మీద, ఓనర్ మెయిల్ ఐడీ మీదే ఉండాలి. చేసిపెట్టినవాడి పేరు మీద డొమైన్ ఉంచుకుని, ఏటా రెన్యువల్‌కు బేరమాడే పద్ధతి మన దగ్గర ఉంది, అది మంచి పద్ధతి కాదు. మనకు కావలసింది ఫైళ్లు ఎక్కించడానికి ఒక విడి ఎఫ్‌టీపీ అకౌంట్, అది కూడా ఆ ఒక్క ఫోల్డర్ వరకే. పని అయ్యాక ఓనర్ దాన్ని తీసేయగలగాలి.

అప్పజెప్పే రోజు ఫారంను ఓనర్ ఫోన్ నుంచి, ఆయన వైఫై మీద కాకుండా మొబైల్ డేటా మీద, వేరేవాళ్ల మెయిల్ ఐడీతో నింపించి చూడాలి. పేరు తెలుగులో ఒకసారి, పెద్ద ఫోటోతో ఒకసారి. తర్వాత పబ్లిక్ హెచ్‌టీఎంఎల్ ఫోల్డర్‌లోకి వెళ్లి, టెస్టింగ్ కోసం పెట్టిన 'ఇన్ఫో.పీహెచ్‌పీ', 'బ్యాకప్.జిప్', 'కాన్ఫిగ్ ఓల్డ్' లాంటివి తుడిచేయాలి. మొదటిది సర్వర్ జాతకమంతా బయటపెడుతుంది. మిగతా రెండింటిలో పాస్‌వర్డులుంటాయి, పేరు ఊహించి అడిగితే సర్వర్ వాటిని ఎవరికైనా ఇచ్చేస్తుంది.